కల్వకుర్తి సభకు ఆలస్యం ఎందుకైందంటే

మొన్నీమధ్య పింఛను పని మీద నల్లగొండ వెళ్లి బస్‌స్టాండులో కూర్చున్నాను. పక్కన ఇద్దరు కుర్ర డ్రైవర్లు డీజిలు రాలేదని తిట్టుకుంటున్నారు. ఎక్కడో ఎడారి దేశాల్లో ఇరుగుపొరుగు రాజ్యాలు రెండు కొట్టుకుంటున్నాయట. ఓడలు ఆగిపోయాయట. అందుకని నల్లగొండలో బస్సు ఆగింది.

"వాళ్లు వాళ్లు కొట్లాడుకుంటె నడుమ మనకేంది తాతా?" అని అందులో ఒకడు నన్నే అడిగాడు.

నాకు నవ్వాగలేదు. అదే ప్రశ్న నేను వాడి వయసులో ఉన్నప్పుడు నా బస్సులోనే విన్నాను. అడిగింది ఒక ముసలమ్మ. జవాబు చెప్పాల్సిన మనిషి అందుకోసమే జీతం తీసుకునే సర్కారు ఉద్యోగి. ఆయన ఆ జవాబు వెతుక్కునేసరికి సాయంత్రమైంది, ఒళ్లంతా మసి అయింది. ఆ సంగతి ఆ కుర్రాళ్లకు చెబుదామనుకునేలోపు డీజిలు బండి వచ్చింది, వాళ్లు పరుగెత్తారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. తీరిక ఉన్న డ్రైవరు తమ్ముళ్లు ఎవరైనా చదువుకోండి.

నిజాం కాలం చివరి రోజుల్లో నేను ఒక సేటు గారి బస్సు నడిపేవాడిని. నల్లగొండలో బయలుదేరి దేవరకొండ, డిండి మీదుగా కల్వకుర్తి చేరడం, మర్నాడు తిరిగి రావడం. జర్మనీ తన పక్కనున్న పోలండు మీద పడిందని ఉర్దూ అఖ్బారులో వచ్చిన రోజున మా బస్సులో దాని ఊసు ఎత్తినవాడు లేడు. ఆముదాల ధర గురించి మాట్లాడుకున్నారు, ఎవరి ఎద్దో తప్పిపోయిన సంగతి మాట్లాడుకున్నారు. యుద్ధం మా దాకా నడిచి రావడానికి చాలా కాలం పట్టింది. మొదట పోచంపల్లి నేతగాళ్లు వచ్చి, జర్మనీ రంగులు దొరకడం లేదనీ, దొరికిన రంగులు మొదటి ఉతుకులోనే నీళ్లలో కలుస్తున్నాయనీ మొత్తుకున్నారు. తర్వాత జపాను వాళ్లు బర్మాను పట్టుకున్నారు, పెట్రోలు మాయమైంది. మలయాను పట్టుకున్నారు, టైర్లు మాయమయ్యాయి. గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, దొరక్క ఊళ్లలో బుడ్డి దీపాలు ఆరిపోయి, తాతల నాటి ఆముదపు ప్రమిదలు మళ్లీ బయటికి వచ్చాయి.

సేటు బస్సును ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు. హైదరాబాదు వెళ్లి, బస్సు వెనక తగిలించే ఒక పెద్ద ఇనుప పీపాను తెచ్చాడు. అందులో బొగ్గులు పోసి నిప్పు రాజేస్తే వచ్చే బొగ్గు గ్యాసుతో ఇంజను నడవాలి. నడిచేది కూడా, మనసు బాగుంటే. పొద్దున్నే పీపా రాజేసి, ఊదుడు చక్రం తిప్పి తిప్పి, ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి తుమ్మి, ఆ తర్వాత దయతలిచేది. ఎత్తు వస్తే మగవాళ్లందరూ దిగి నడవాలి. ఇంకా ఎత్తు వస్తే నెట్టాలి. టైర్లకు ట్యూబులు లేక లోపల వరిగడ్డి కుక్కాం. బండి కుంటి దున్నలా ఒరిగి ఒరిగి నడిచేది.

ఆ పీపాను చూసుకోవడానికి సేటు పానగల్ నుంచి ఒక కమ్మరిని పెట్టాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, నేను మామా అనేవాణ్ని. కొలిమి ముందు పుట్టి పెరిగినవాడు గనుక నిప్పు గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. దారిలో ఎక్కడ పీపా ఆరిపోయినా అది గాలి తప్పో, బొగ్గు తప్పో, నా తప్పో అయ్యేది. ఆయన తప్పు ఒక్కనాడూ కాలేదు. యుద్ధం గురించి కూడా ఆయనకో సిద్ధాంతం ఉండేది.

"ఏం లేదల్లుడా, అంత ఇనుము కోసమే. జర్మనోని తాన మంచి కమ్మరోళ్లున్నరు. ఉన్నంక ఊకుంటరా?"

అదిగో, అలాంటి రోజుల్లో ఒక పొద్దున మా బస్సు ఎక్కాడు ప్రచార అధికారి. హైదరాబాదు మనిషి, ముప్పై దాటని వయసు. తెల్లటి షేర్వానీ, ఎర్ర టోపీ, చంకలో చుట్టిన పటం. యుద్ధం ఎందుకు వచ్చిందో, మనం ఎలా గెలుస్తున్నామో ఊరూరా తిరిగి చెప్పడం ఆయన కొలువు. ఆ మధ్యాహ్నం కల్వకుర్తి తహసీలు కచేరీ ముందు పెద్ద సభ ఏర్పాటు చేశారు. తహసీల్దారు సమయం విషయంలో మహా కఠినుడని పేరు. అధికారికి ఆ భయం ముఖంలోనే కనిపించింది.

"ఎన్ని గంటలకు చేరుతుంది డ్రైవర్ సాబ్?"

"అది నా చేతుల లేదు సాబ్, మామను అడగున్రి."

మామ పీపా మీద చెయ్యి పెట్టి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని, "చేరుతది" అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు.

దేవరకొండలో ఒక అవ్వ ఎక్కింది. ఒళ్లో ఒక కుండ, దాని మూతికి గుడ్డ కట్టి, చుట్టూ గొంగడి చుట్టి పట్టుకుంది. డిండి దాటాక రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఊళ్లో ఆమె బిడ్డ పురిటి నొప్పులు పడుతోందని కబురు వచ్చిందట. ఆ ఊళ్లో మంత్రసాని లేదు. పురుడు తన చేతుల మీదే పోయాలి. కుండలో ఆమె స్వయంగా దంచి వండిన ఆముదం. బాలింతకు కావాలి, పసిబిడ్డకు కావాలి, అంతకంటే ముందు ఆ ఇంట్లో దీపానికి కావాలి.

దేవరకొండలో పీపా మళ్లీ రాజేసేదాకా ఆగాల్సి వచ్చింది. అధికారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. కల్వకుర్తిలో చెప్పబోయే ఉపన్యాసాన్ని మా మీద ఒకసారి ప్రయోగించి చూద్దామనుకున్నాడు. పటం విప్పి, సీటు వీపుకు ఆనించి మొదలుపెట్టాడు. "ఇది జర్మనీ. దీని పక్కనే ఇది పోలండు."

"పక్కపక్కనేనా?" అంది అవ్వ. "మరి గా జర్మనోడు పక్కోని మీదికి ఎందుకు పోయిండు అయ్యా?"

"తమ జనానికి జాగా చాలడం లేదన్నారు."

"మా ఊరి దొర గూడ గదే అంటడు."

బస్సంతా ఘొల్లుమంది. మరుక్షణం ఎవరికి వారే నోళ్లు మూసుకుని, ఎవరు నవ్వారో తమకు తెలియనట్టు కిటికీల్లోంచి బయటికి చూశారు. అధికారి కూడా ఒకసారి చుట్టూ చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"పెద్దమనుషులు లేకుండిరా మరి? పంచాయితి గాలేదా?" అవ్వ వదల్లేదు.

"ఉన్నారమ్మా. దేశాలన్నీ కలిసి ఒక సమితి పెట్టుకున్నాయి."

"వాళ్లేం జేసిన్రు?"

"తీర్మానం చేశారు."

"తర్వాత?"

అధికారి నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "ఇంకో తీర్మానం చేశారు" అన్నాడు.

"వాళ్లు వాళ్లు కొట్లాడుకుంటె నడుమ మనకేందయ్యా మరి? మా ఇండ్లల్ల దీపాలెందుకు ఆరిపోయినయి?"

ఆయన ఏదో చెప్పబోయాడు. అంతలో ఇంజను తుమ్మింది. బయలుదేరాం.

డిండి దాటాక ఎత్తు మొదలైంది. మగవాళ్లు దిగి నడుస్తున్నారు. అధికారి మాత్రం సర్కారు మనిషి గనుక కూర్చున్నాడు. ముందు టైరులో గడ్డి అణిగిపోయి బండి ఎడమవైపు బాగా కుంగింది. నేను చూసుకుంటూనే నడుపుతున్నాను. అయినా రోడ్డు మధ్యలో పొడుచుకు వచ్చిన ఒక రాయి బండి పొట్టను ఠంగుమని కొట్టింది. వెంటనే ఆపి కిందికి దూరి చూస్తే, ఇంజను నూనె కారిపోకుండా బిగించి ఉండే మర ఊడి ఎటో పోయింది. నూనెంతా నల్లటి చారలా ఎర్రమట్టిలోకి ఇంకుతోంది. నేను బొటనవేలు అడ్డం పెట్టేసరికి అడుగున మిగిలింది కూడా అయిపోయింది.

మామ ఎక్కడినుంచో వేపకొమ్మ విరిచి, చెక్కి, గోనెపీలిక చుట్టి ఆ కంతలో దిగ్గొట్టాడు. అది ఆయన పని కాబట్టి బాగానే చేశాడు. కానీ నూనె? కల్వకుర్తికి నడిచిపోయినా అక్కడ ఇంజను నూనె దొరకదు. నల్లగొండలోనే సేటు సీసాతో కొలిచి ఇచ్చేవాడు. నూనె లేకుండా నడిపితే ఇంజను నాలుగు అడుగులు వేసి బిగుసుకుపోతుంది. అదే జరిగితే బస్సు ఉండదు, మా ఇద్దరి కొలువులు ఉండవు, ఆ దారిలో మరో బస్సు కూడా లేదు.

అందరం రోడ్డు పక్కన నిలబడ్డాం. అప్పుడు అధికారి కళ్లు అవ్వ కుండ మీద పడ్డాయి.

"ఆముదం! డ్రైవర్ సాబ్, విమానాల ఇంజన్లలో పోసేది ఆముదమే. నా ఉపన్యాసంలో కూడా ఉంది. ఈ జిల్లాల ఆముదమే ఓడలెక్కి పోతోంది."

"విమానాలకు జులాబు ఎందుకయ్యా?" అంది అవ్వ. ఆమెకు తెలిసినంతలో ఆముదం విరేచనాల మందు, విమానానికి అదెందుకో నిజంగానే అర్థం కాలేదు. మిగిలినవాళ్లు నవ్వి నవ్వి రోడ్డు మీద కూర్చున్నారు.

నవ్వు తగ్గాక నేను అడిగాను. "అవ్వా, నూనె ఇస్తవా? బండి లేస్తది."

"ఇయ్య."

"పైసలిప్పిస్త."

"పైసలేం జేసుకోవాలె కొడుకా? పైసలు దీపంల పోస్తరా?" అంటూ కుండను గొంగడితో సహా కావలించుకుంది.

అధికారికి తహసీల్దారు ముఖం కళ్లముందు కదిలినట్టుంది. నిటారుగా నిలబడ్డాడు. "చూడమ్మా, ఇది జంగు కాలం. సర్కారు పనికి అవసరమైతే ఎవరి వస్తువునైనా స్వాధీనం చేసుకోవచ్చు. హుకుం ఉంది. నేను మర్యాదగా అడుగుతున్నాను."

అవ్వ ఆయన్ను కింది నుంచి మీదికి చూసింది.

"అంటె, నువ్వు జర్మనోనివి, నేను పోలండునా?"

నేను ఎన్నో ఏళ్లు బస్సు నడిపాను. ప్రయాణికుల నోట ఎన్నో మాటలు విన్నాను. అలాంటి దెబ్బ మాత్రం మళ్లీ చూడలేదు. ఆ ఎర్రటెండలో ఎవరూ నవ్వలేదు కూడా. అధికారి టోపీ తీసి విసురుకున్నాడు. తర్వాత వెళ్లి ఆమె ఎదురుగా మట్టిలో, ఆ తెల్లటి షేర్వానీతోనే, గొంతుక్కూర్చున్నాడు.

"తప్పైంది అమ్మా. నువ్వే చెప్పు, ఏం చేయమంటావో."

అవ్వ దగ్గర షరతులు సిద్ధంగా ఉన్నాయి. బస్సు రోడ్డు దిగి, బండ్ల బాట పట్టి, ఆమె బిడ్డ ఇంటి ముందు ఆగాలి. కుండలో దీపానికీ బాలింతకూ సరిపడా నూనె వదిలి మిగిలింది పోసుకోవచ్చు. బండి ఇసుకలో దిగబడితే అందరూ నెట్టాలి. "అందరు అంటె, నువ్వు గూడ" అని అధికారికి విడిగా చెప్పింది.

నడిచి వస్తున్నవాళ్లలో సగం మందికి కల్వకుర్తి అంగడి పనులున్నాయి. వాళ్లు వద్దన్నారు. మిగిలిన సగం సరేనన్నారు. మామ రెండు పక్షాలకూ తల ఊపాడు. చివరికి అందరూ నన్నే చూశారు. ఇంజను సేటుది, నూనె అవ్వది, సమయం సర్కారుది. బండ్ల బాటలోకి దింపి ఇరుసు విరిగిందంటే సేటు నన్ను బతకనివ్వడు. అధికారి వైపు చూశాను. ఆయన మెల్లగా అన్నాడు, "నేను మాట ఇచ్చాను డ్రైవర్ సాబ్."

"మాట నువ్వు ఇచ్చినవు, ఇరుసు నాది సాబ్" అని, అంటూనే కుండ మూతికి ఉన్న గుడ్డ విప్పాను.

తమ్ముళ్లూ, ఇంజనులో ఆముదం పోసి నడిపిన వాసన మీకు తెలియదు. బండి వేడెక్కగానే బస్సంతా పురిటి గది వాసన వేసింది. ఆడవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వారు. "అల్లుడా, బస్సుకు గూడ ఇయ్యాలనే కాన్పు అయితదా ఏంది?" అని మామ వెనక నుంచి అరిచాడు. ఇంజను మాత్రం అంతకుముందెన్నడూ లేనంత మెత్తగా నడిచింది. ఆ సంగతి సేటుకు నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే రోజూ ఆముదమే పోయిస్తాడు.

బండ్ల బాటలో దిగబడ్డాం. ఒకసారి కాదు. అధికారి షేర్వానీ చేతులు మడిచి, మామ పక్కన, సరిగ్గా పీపా దగ్గరే భుజం పెట్టి నెట్టాడు. అది కాలుతున్న సంగతి ఎవరూ చెప్పలేదు. "అబ్బా!" అని గెంతి, ఇంకోవైపు వెళ్లి మళ్లీ నెట్టాడు. ఊరు కనిపించేసరికి ఆయన ముఖంలో తెల్లగా ఉన్నవి కళ్లూ పళ్లూ మాత్రమే.

అవ్వ బస్సు ఆగీ ఆగకముందే దిగి, మిగిలిన నూనె కుండతో ఇంట్లోకి మాయమైంది. తలుపు మూసుకుంది.

ఆ ఊరికి బస్సు రావడం అదే మొదలు. జనం చుట్టూ మూగారు. వాళ్లకు మసి కింద ఉన్న షేర్వానీ కనిపించినట్టుంది, మంచం వాల్చి కూర్చోబెట్టారు. జంగు సంగతులు చెప్పమన్నారు. ఆయన అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు, మన సేనలు ఎక్కడికక్కడ శత్రువును అడ్డుకుంటున్నాయని. ముందు వరసలో ఒక గొర్లకాపరి భుజం మీద కర్ర అడ్డంగా పెట్టుకుని వింటున్నాడు. మధ్యలో మెల్లగా అడిగాడు.

"అయ్యా, మీ ఇంట్లకెల్లి ఎవలన్న పోయిన్రా గా జంగుకు?"

అధికారి ఆగిపోయాడు. "మా అన్న పోయాడు" అన్నాడు. "సింగపూర్‌లో ఉండె. అది జపాను వాళ్ల చేతికి పోయింది. అప్పటి నుంచి కబురు లేదు."

"మరి గెలుస్తున్నమని చెప్తున్నవు?"

"అది నా కొలువు" అన్నాడాయన.

గొర్లకాపరి లేచి వెళ్లి ఒక చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. ఆయన గటగటా తాగుతుంటే గడ్డం మీద మసి చారలు చారలుగా కారింది. ఆ అన్న యుద్ధం ముగిశాక ఎముకల గూడై తిరిగి వచ్చాడని చాలా కాలానికి ఎవరో చెప్పగా విన్నాను. ఆ రోజున మాత్రం వస్తాడో రాడో ఎవరికీ తెలియదు.

మామ పీపా రాజేశాడు. గ్యాసు నిండింది, ఇక నిలవదు, ఎక్కండి ఎక్కండి అని కేకలు పెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే మూసిన తలుపు వెనక నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. బస్సులో ఉన్నవాళ్లూ కింద ఉన్నవాళ్లూ ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. అంగడికి ఆలస్యమైందని దారి పొడుగునా నన్ను తిట్టినవాళ్లే అందరికంటే గట్టిగా అరిచారు. ఆ సందడిలోనే బండి కదిలింది.

కల్వకుర్తి చేరేసరికి పొద్దు వాలిపోతోంది. సభ ఇంకా ఉంది. అంటే జనం ఇంకా అక్కడే ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వాళ్లను తోలుకొచ్చి మధ్యాహ్నం కూర్చోబెట్టారు. లెమ్మని ఎవరూ చెప్పకపోవడంతో అలాగే కూర్చున్నారు. మేజా మీద పూలదండ వడిలిపోయి తాడులా ఉంది. తహసీల్దారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెద్ద మీసాలు, తెల్లటి జుట్టు. ఒళ్లంతా మసితో, ఆముదం వాసనతో దిగిన అధికారిని చూసి ఆయన మొదట కూలివాడనుకున్నాడు. ఎవరో తెలిశాక ఆ మీసాలు వణికాయి.

"ఆలస్యం ఎందుకైంది?" ఆయన అడిగింది ఉర్దూలో, నేను తెలుగులో రాస్తున్నాను.

"హుజూర్..."

"నాకు కాదు. పొద్దు నెత్తి మీద ఉన్నప్పటి నుంచి కూర్చున్నారు వీళ్లు. వీళ్లకు చెప్పు. వీళ్ల భాషలో చెప్పు."

అధికారి జనం వైపు తిరిగాడు. పటం బస్సులోనే మరిచిపోయాడు. రెండు చేతులూ చూసుకున్నాడు, నల్లగా ఉన్నాయి. వెనక్కి పెట్టుకున్నాడు.

"జర్మనీ పక్కన పోలండు ఉన్నది" అని మొదలుపెట్టాడు. "జర్మనీ తనకు జాగా చాలలేదన్నది, పక్కోని ఇంట్లోకి పోయింది. పోలండుకు మాటిచ్చిన ఇంగ్లండు, ఫ్రాన్సు లేచినయి. వాళ్లు అక్కడ తన్నుకుంటున్నరని చూసి ఇక్కడ జపాను లేచింది. అది అప్పటికే తన పక్కనున్న చైనాలో దూరి ఉన్నది, దానికి నూనె చాలలేదు. బర్మాను పట్టింది, మన పెట్రోలు ఆగింది. మలయాను పట్టింది, మన రబ్బరు ఆగింది. పెట్రోలు లేక బస్సుకు బొగ్గు పెట్టిన్రు. రబ్బరు లేక టైర్లల్ల గడ్డి పెట్టిన్రు. గడ్డి అణిగి బండి కుంగింది. కుంగిన బండికి రాయి తగిలింది. రాయి తగిలి నూనె కారిపోయింది. కొందామంటే జంగు వల్ల ఎక్కడా నూనె లేదు. ఉన్న నూనె ఒక అవ్వ దగ్గర ఉన్నది. ఇండ్లల్ల గ్యాసునూనె లేదు గనుక దీపానికి పట్కపోతున్నది. ఆమె బిడ్డకు నొప్పులు వస్తున్నయి. నేను గుంజుకుంట అన్న. ఆమె ఇయ్య అన్నది. తర్వాత సంధి అయింది. పోయి, ఆమెను దింపి, వచ్చినం. అందుకే ఆలస్యమైంది."

అంతే. ఒక్క గుక్కలో చెప్పి ఆగాడు. గెలుస్తున్నామని చెప్పలేదు. అది మరిచిపోయాడో, మానేశాడో నాకు తెలియదు.

తర్వాత జనం చప్పట్లు కొట్టారు. ఉపన్యాసం ఆగగానే కొట్టాలని మధ్యాహ్నమే చెప్పి ఉంచారట. కానీ ముందు వరసలో కొందరు ఆపకుండా కొడుతూనే ఉన్నారు, అది హుకుం ప్రకారం కొట్టే తీరు కాదు.

తహసీల్దారు మీసం మీద వేలు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన ఏమంటాడోనని నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను, బండి ఆగి ఉన్నా.

"ఆడపిల్లా, మగపిల్లవాడా?" అన్నాడాయన.

అధికారి నన్ను చూశాడు. నేను మామను చూశాను. మామ పీపాను చూశాడు. ఏడుపు విని కేరింతలు కొట్టాం గానీ, అడగాలని ఒక్కడికీ తోచలేదు.

"ఇంత చరిత్ర చెప్పి ఆ ఒక్కటి తెలుసుకోకుండా వచ్చారా?" అన్నాడు తహసీల్దారు. "పొద్దున వెళ్లి తెలుసుకుని రండి. నా హుకుం."

సర్కారు హుకుం గనుక మర్నాడు తెల్లవారగానే ఖాళీ బస్సుతో మళ్లీ ఆ బండ్ల బాట పట్టాం. అధికారి ఉతికిన బట్టలు వేసుకున్నాడు. రాత్రి మామ సత్రంలో అందరికీ ఈ కథ చెప్పాడట, తన కథలో బస్సును కాపాడింది వేపకొమ్మ ఒక్కటే.

అవ్వ గడప మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొదట నవ్వింది. అధికారి సంతోషంగా, "అమ్మా, తహసీల్దారు సాబ్ పంపించారు. పుట్టింది ఆడపిల్లో మగపిల్లవాడో తెలుసుకుని రమ్మని సర్కారు హుకుం" అన్నాడు.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. లేచి, తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎందుకు? పసిపోరగాండ్లను గూడ రాసుకుంటున్నరా జంగుకు?"

"కాదమ్మా, ఊరికే..."

"సర్కారు ఊకనే ఎన్నడు అడిగింది? ఈ ఇంట్ల ఎవ్వలు పుట్టలే. పోన్రి."

లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు బస్సు దాకా వినిపిస్తోంది. అవ్వ మా కళ్లలోకి చూస్తూ, చెక్కు చెదరకుండా అంది, "ఎవ్వలు పుట్టలే."

అధికారి ఆమెకు చేతులెత్తి మొక్కి, వచ్చి బస్సెక్కాడు. ఆ తర్వాతి ఏళ్లలో ఆ అవ్వ నా బస్సు చాలాసార్లు ఎక్కింది. నేను ప్రతిసారీ అడిగేవాణ్ని. "ఎవలు పుట్టిన్రు కొడుకా?" అని నన్నే ఎదురు అడిగి, మూతి బిగించుకుని నవ్వేది. ఆడపిల్లో మగపిల్లవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కల్వకుర్తిలో తహసీల్దారు కచేరీ మెట్ల మీదే ఎదురుచూస్తున్నాడు. "ఏమైంది?" అన్నాడు.

అధికారి అటెన్షన్‌లో నిలబడ్డాడు. "విచారించాను హుజూర్. ఆ ఊళ్లో నిన్న ఎవరూ పుట్టలేదు."

తహసీల్దారు ఆయన్ను చూశాడు. వెనకాల నిలబడ్డ నన్ను చూశాడు. నేను నేల చూశాను.

"తల్లి బాగుందా?" అన్నాడు.

"బాగుంది హుజూర్."

"మంచిది" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.